సర్వర్ గది బయట చెప్పులు

విశ్వవిద్యాలయ గ్రంథాలయాల్లో ఎవరు ముఖ్యులో తెలుసుకోవాలంటే ఏసీ ఎవరి నెత్తిన ఉందో చూస్తే చాలు. పాఠకుడికి పంకా ఉంటుంది, కరెంటు ఉన్నంతసేపు తిరుగుతుంది. పాత పుస్తకాలకు ఆ పంకా కూడా ఉండదు. సర్వర్‌కు మాత్రం గాజు తలుపు, రాత్రింబవళ్లు చల్లగాలి, చెప్పులు బయట విడవాలన్న బోర్డు. గర్భగుడిలో దేవుడెవరో పూజారికి తెలుస్తుంది. ఇక్కడ ఆ సర్వర్‌లో ఏముందో పూజారిని అడిగినా తెలియని చోట్లున్నాయి.

ఈ భక్తి ఊరికే పుట్టలేదు. విద్యాసంస్థలను తూచే నాక్ మూల్యాంకనంలో మౌలిక వసతులు ఒక ప్రమాణం. గ్రంథాలయం కంప్యూటరీకరణ అయిందా, ఎంతమంది విద్యార్థులకు ఒక కంప్యూటర్, ఇంటర్నెట్ వేగమెంత అని అది అడుగుతుంది. కాబట్టి నాక్ తనిఖీ బృందం రావడానికి వారం ముందు కంప్యూటర్ల మీది ప్లాస్టిక్ ముసుగులు తొలగుతాయి. బృందం రైలెక్కగానే వాటిని మళ్లీ జాగ్రత్తగా కప్పేస్తారు. దుమ్ము పడకుండా కాపాడాలి కదా, వాడితే పాడైపోవూ!

ఈ భక్తికి ఎదురుగా ఒక ఊరును పెట్టి చూద్దాం. మహారాష్ట్రలోని సోలాపూర్‌కు సొంత విశ్వవిద్యాలయం 2004 ఆగస్టు 1న వచ్చింది. ఒక్క జిల్లా కోసమే ఏర్పడిన విశ్వవిద్యాలయమది. అంతకుముందు అక్కడున్నది కొల్హాపూర్ శివాజీ విశ్వవిద్యాలయం వారి పీజీ కేంద్రం. 2019లో విశ్వవిద్యాలయానికి అహిల్యాదేవి హోల్కర్ పేరు పెట్టారు. పుణె రహదారిలో కేగావ్ దగ్గర ఉంది. ఊరికి ఆ కొసన అది, ఈ కొసన తూర్పు పేటలు: సాఖర్ పేఠ్, దాజీ పేఠ్, అశోక్ చౌక్. ఇక్కడ దుకాణం బోర్డు మరాఠీలో ఉంటుంది, దుకాణంలో బేరం తెలుగులో నడుస్తుంది. తెలంగాణ పల్లెల నుంచి తరాల కిందట వలస వచ్చిన పద్మశాలీలు మగ్గాలు వేసుకున్న వాడలివి. సోలాపూర్ చద్దరుకు, తువ్వాలుకు భౌగోళిక గుర్తింపు తెచ్చిపెట్టిన చేతులు చాలావరకు ఇక్కడివే.

ఈ వాడల్లో కంప్యూటర్ రాకముందే డేటా ఉంది. ఏ కార్ఖానాలోనైనా జకార్డ్ మగ్గం మీదికి తలెత్తి చూస్తే కనిపించేది అదే: దారంతో ఒకదానికొకటి కుట్టిన అట్టల దండ, ప్రతి అట్టకూ వరసల్లో చిల్లులు. చిల్లు ఉన్నచోట పడుగు పోగు లేస్తుంది, లేనిచోట లేవదు. అట్ట మారితే పేక మారుతుంది. వందల అట్టలు వరసగా తిరిగితే చద్దరు మీద నెమలి పురివిప్పుతుంది. అంటే ఉంది, లేదు అన్న రెండు మాటలతో బొమ్మను రాసి దాచడం. కంప్యూటర్ శాఖలో మొదటి ఏడాది పిల్లలకు ప్రొజెక్టర్ వేసి చెప్పే పాఠం ఇదే. కరెంటు పోతే అక్కడ పాఠం ఆగుతుంది. ఇక్కడ సాంచ, అంటే మరమగ్గం, ఆగుతుందే గానీ అట్ట మీది అక్షరం చెరగదు.

ఇదేదో తెలుగువాళ్లు అన్నీ మా దగ్గరే పుట్టాయని చెప్పుకునే బాపతు గొప్ప కాదు. ఈ యంత్రాన్ని 1804లో ఫ్రాన్స్‌లోని లియాన్ నగరంలో రూపుదిద్దినవాడు జోసెఫ్ మారీ జకార్డ్. 1839లో అదే ఊళ్లో ఆయన బొమ్మను పట్టులో నేశారు. దానికి పట్టిన అట్టలు సుమారు 24,000. ఇంగ్లండులో చార్లెస్ బాబేజ్ ఒక ప్రతి సంపాదించి ఇంట్లో వేలాడదీస్తే, వచ్చినవాళ్లు అచ్చువేసిన చిత్రమనుకునేవారు. బాబేజ్ తన గణన యంత్రానికి ఆ అట్టలనే అరువు తెచ్చుకున్నాడు. 1890లో అమెరికా జనాభా లెక్కలను హెర్మన్ హోలరిత్ చిల్లుల కార్డుల మీదే తేల్చాడు. ఆయన కంపెనీ మరికొన్నిటితో కలిసి తరవాత ఐబీఎం అయింది. చంద్రుడి మీదికి వెళ్లిన అపోలో కంప్యూటర్ జ్ఞాపకశక్తినైతే వాల్తామ్ ఊళ్లోని రేథియాన్ కర్మాగారంలో ఆడవాళ్లు చేత్తో నేశారు. తీగ అయస్కాంత వలయంలోంచి పోతే ఒకటి, పక్కనుంచి పోతే సున్నా. ఆ పనికి జౌళి మిల్లుల్లో చేసినవాళ్లను వెతికి మరీ పెట్టుకున్నారు. సాఖర్ పేఠ్‌లో ఆసు పోసిన చేతికి నాసాలో కొలువు దొరికేదేమో, అడ్రసు తెలియక ఆగిపోయింది.

ఇప్పుడు కాస్త లెక్క. వాడుకలో ఉన్న 400 రకం జకార్డ్ అట్టలో చిల్లుల చోట్లు 51 వరసల్లో ఎనిమిదేసి, మొత్తం 408. కంప్యూటర్ భాషలో 51 బైట్లు. యూనికోడ్ యూటీఎఫ్-8 పద్ధతిలో తెలుగు అక్షరపు ఒక్కో ముక్కకు మూడు బైట్లు పడతాయి. ఒత్తుకు వేరు, గుణింతానికి వేరు. ఆ లెక్కన ‘మార్కండేయ మహర్షి’ అని రాయడానికి 46 బైట్లు కావాలి. పద్మశాలీల కులమూలపురుషుడు ఒకే అట్టలో ఇమిడిపోయి, పక్కన ఇంకా అయిదు బైట్ల జాగా మిగులుస్తాడు. పైగా ఆయన చిరంజీవి. పదహారేళ్లకు గడువు తీరిందని యముడు వస్తే శివుడు అడ్డుపడి పొడిగించాడు. హార్డ్ డిస్కులకు కంపెనీ ఇచ్చే గడువు మూడేళ్లో అయిదేళ్లో. ఆపైన అడ్డుపడే దేవుడెవరూ లేడు.

ఆధునిక నిల్వశాలల ఆయుష్షు గురించి పెద్ద ఊళ్ల కథలున్నాయి. 1086 నాటి ఇంగ్లండు భూముల చిట్టా, డూమ్స్‌డే పుస్తకం, ఇప్పటికీ తెరిచి చదువుకోవచ్చు. దాని 900 ఏళ్ల పండుగకు 1986లో బీబీసీ అలాంటి కొత్త చిట్టాను లేజర్ డిస్కుల మీద ఎక్కించింది. పదహారేళ్లు తిరిగేసరికి ఆ డిస్కులను చదివే యంత్రాలు కరువై, పరిశోధకులు తలలు పట్టుకోవాల్సి వచ్చింది. 2021 డిసెంబరులో క్యోటో విశ్వవిద్యాలయంలో 77 టెరాబైట్ల పరిశోధన గల్లంతయింది, సుమారు 3.4 కోట్ల ఫైళ్లు. దొంగలెవరూ రాలేదు. తుడిచేసింది బ్యాకప్ ప్రోగ్రామే, కాపలా కోసం పెట్టినదే. 2023 అక్టోబరులో బ్రిటిష్ లైబ్రరీ మీద సైబర్ దాడి జరిగితే, కేటలాగు మళ్లీ తెరమీదికి రావడానికి జనవరి దాకా పట్టింది. అన్ని నెలలూ పుస్తకాలు అల్మారాల్లోనే ఉన్నాయి. ఎక్కడున్నాయో చెప్పే నోరు పడిపోయిందంతే.

మన దగ్గర ఆ నోరు పనిచేస్తూనే ఉంటుంది, తప్పులు పలుకుతూ. చిత్తూరు జిల్లా కాటూరులో పుట్టి ట్యూరింగ్ అవార్డు దాకా వెళ్లిన రాజ్ రెడ్డి పూనికతో డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా మొదలైంది. వేల తెలుగు పుస్తకాలు స్కానయ్యాయి. పుణ్యం. కాకపోతే పేర్లను ఇంగ్లిష్ అక్షరాల్లో కొట్టినవారు తలొక స్పెల్లింగూ కనిపెట్టారు. ఆ స్కాన్లలో ఒక పుస్తకం దొరకాలంటే దాన్ని రాసినవాడి పేరు తెలిస్తే సరిపోదు, టైపు చేసినవాడి మనసు తెలియాలి. దీర్ఘానికి రెండు ‘ఎ’లు పెట్టేవాడా, ఒకటితో సరిపెట్టేవాడా? సోలాపూర్ బీడీ కార్మికుల కాలనీ బీడీ ఘర్‌కుల్ నుంచి వచ్చి కాలేజీలో చదివే పిల్ల తన వాడ గురించి తెలుగులో వెతకాలనుకుంటే ముందు ఈ జ్యోతిషం నేర్చుకోవాలి.

తూర్పు పేటల అట్టల మాటకొస్తే, అవి ఏ కేటలాగులోకీ ఎక్కే జాతి కాదు. 1983లో ఎలక్ట్రానిక్ జకార్డ్ మార్కెట్‌లోకి వచ్చాక డిజైన్ కంప్యూటర్‌లో గీసి మగ్గానికి ఇచ్చే పద్ధతి మొదలైంది. ఆ కొత్త జకార్డ్ కొనుక్కున్న కార్ఖానా మాలక్‌కు పాత అట్టలు అడ్డం. కొననివాడు కార్ఖానా మూస్తే, అట్టలు ఎలాగూ అడ్డమే. రెండు దారులూ పాత సామాను కొనే భంగార్‌వాలా బండి దగ్గరే కలుస్తాయి. అతడు నెమలికీ తామరకూ తేడా చూడడు, కిలో లెక్క. పాడైన కంప్యూటర్ అంత తేలిగ్గా పోదు. అది స్టాకు రిజిస్టర్‌లో ఉంది. దాన్ని వదిలించుకోవాలంటే కమిటీ కూర్చోవాలి, పనికిరాదని తీర్మానించాలి, సంతకాలు కావాలి, ఆపైన 2022 నాటి ఈ-వ్యర్థాల నిబంధనల ప్రకారం నమోదైన సంస్థకే అప్పగించాలి. పనికిరాని యంత్రానికి ఇంత మర్యాద జరుగుతుంటే, పనికొచ్చే అట్ట పావుగంటలో తూకం ముగించుకుని వెళ్లిపోతుంది.

అట్టలను ఫొటో తీసి చిల్లులను బైట్లుగా మార్చడం పెద్ద విద్యేమీ కాదు, రెండో ఏడాది ఇంజినీరింగ్ పిల్లలకు ప్రాజెక్టుగా ఇవ్వొచ్చు. ఒక డిజైన్‌కు వెయ్యి అట్టలు అనుకుంటే 51 కిలోబైట్లు. సోలాపూర్ ఇంతకాలం నేసిన డిజైన్లు ఏకంగా లక్ష అనుకున్నా 5.1 గిగాబైట్లు దాటవు. సర్వర్ గది అక్కర్లేదు, చెప్పులు విడవక్కర్లేదు. ఎనిమిది గిగాబైట్ల పెన్ డ్రైవ్ ఒకటి చాలు, అశోక్ చౌక్‌లో ఏ మొబైల్ దుకాణంలోనైనా దొరుకుతుంది. గ్రంథాలయం తరఫున కొనాలంటే మాత్రం మూడు కొటేషన్లు, కొనుగోలు కమిటీ ఆమోదం, ఇంత తక్కువ సామర్థ్యమున్నది ఎందుకు కొంటున్నారో వివరిస్తూ ఒక పేజీ నోట్ జతచేయాలి.