బందరు కోట గోడు

నేను బందరు కోటను. ఊళ్లో ఎవరినడిగినా లడ్డూ సంగతి చెబుతారు, కలంకారీ సంగతి చెబుతారు, మంగినపూడి బీచికి దారి చూపిస్తారు. నా మాటెత్తితే మాత్రం "అవా? ఏవో పాత గోడలు" అంటారు.

ఈ గోడల కోసమే ఒకప్పుడు దొరలు కొట్టుకుచచ్చారు. గోలకొండ సుల్తానుల కాలంలో మచిలీపట్నం, అంటే ఈ బందరే, పెద్ద రేవు. మన అద్దకం బట్టల మీద మోజుతో 17వ శతాబ్దం మొదట్లోనే డచ్చివాళ్లు దిగారు. 1611లో ఇంగ్లీషువాళ్లు వచ్చారు, తర్వాత ఫ్రెంచివాళ్లు. బట్టల బేరానికి వచ్చినవాళ్లకు ఫిరంగులెందుకో 1759లో తెలిసింది.

అప్పుడు నేను ఫ్రెంచివాళ్ల చేతిలో ఉన్నాను. చుట్టూ ఉన్న చిత్తడినేలే నాకు కాపలా అని మిడిసిపడేదాన్ని. ఏప్రిల్ నెలలో ఒక రాత్రి ఇంగ్లీషువాళ్ల కర్నల్ ఫోర్డ్ మనుషుల్లో కొందరు ఆ బురదలోంచే వచ్చారు. తెల్లారేసరికి జెండా మారింది. చిత్రమేమిటంటే, పట్టుబడినవాళ్లు పట్టుకున్నవాళ్ల కంటే ఎక్కువమంది! ఆ సిగ్గు నాకింకా పోలేదు. వెంటనే హైదరాబాదు పాలకుడు సలాబత్ జంగు బందరును, చుట్టుపక్కల సీమను ఇంగ్లీషువాళ్లకు రాసిచ్చాడు.

1864 నవంబరు 1న వచ్చిన ఉప్పెనకు మాత్రం ఏ దొరా ఎదురు నిలవలేదు. సముద్రం ఊరి మీద పడి, ఈ సీమలో సుమారు 30,000 మందిని పొట్టన పెట్టుకుంది. ఓడల వ్యాపారం అప్పటికే మద్రాసు దారి పట్టింది. నాతో పని తీరింది.

ఇప్పుడు మిగిలింది ఆయుధాగారం, గంట గోపురం, కొన్ని మొండిగోడలు. తుపాకులు దాచిన గదుల్లో ఖాళీ సీసాలు దొర్లుతున్నాయి. గోడల నెర్రెల్లో రావి మొక్కలు వేళ్లు దించుతున్నాయి. ప్రేమికులొచ్చి తమ పేర్లు నా ఒంటి మీద గీసి పోతారు. నా పేరేమిటో వాళ్లకు తెలియదు. ఊళ్లో డచ్చి సమాధుల మీద చెక్కిన పేర్లనైనా చదివేవాళ్లున్నారా అంటే, అదీ అనుమానమే. రక్షిత కట్టడమన్న హోదా ఉంది గాని, హోదా వానకు అడ్డం పడుతుందా?

బందరుకు కొత్త ఓడరేవు కడుతున్నారు. సంతోషమే. ఈ తీరానికి ఓడలు కొత్త కాదని రేపు చెప్పడానికి సాక్షి ఉండాలి కదా. రావి మొక్కలు పెరికించండి, పైకప్పు బాగుచేయించండి. పిల్లల్ని తీసుకొచ్చి చూపించండి. నా కోసం యుద్ధాలు చేసినవాళ్లు పోయారు. మీరు చీపురు పట్టుకొస్తే చాలు.