సీతమ్మ మొగుడి పేరు గల మా ముత్తాత

ఇంటిపన్ను కట్టే ప్రతివాడూ దాంతోపాటు రూపాయికి 8 పైసల చొప్పున గ్రంథాలయ సెస్సు కడతాడు. కట్టిన సంగతి చాలామందికి తెలియదు. తెలిసినవాళ్లలో కొందరు పొద్దున్నే వెళ్లి పేపరు మొదటి పేజీ నుంచి టెండరు ప్రకటనల దాకా చదివి బాకీ రాబట్టుకుంటారు. కొందరు పోటీ పరీక్షల పుస్తకం ముందేసుకుని ఫ్యాను కింద కునుకు తీస్తారు. నేను మా ముత్తాతని వెతకడానికి వెళ్లాను.

మా ఇంట్లో ముత్తాతల కాలం నాటి పురాణాలు మూడున్నాయి. మా ముత్తాత తండ్రి చంటిబిడ్డగా ఉన్నప్పుడు బందరు ఉప్పెనలో గంగాళంలో తేలుతూ బతికి బయటపడ్డాడు. మా ముత్తమ్మ 1929లో గాంధీగారి సభలో ఒంటిమీది నగలన్నీ వలిచి ఇచ్చేసింది. ముత్తాతకి ఏళ్ల తరబడి పిల్లల్లేకపోతే, తిరుపతి కొండ మోకాళ్ల మీద ఎక్కాక మా తాత పుట్టాడు. ఇందులో రెండో పురాణానికి అధికార ప్రతినిధి మా పెదనాన్న. మనింట్లో బంగారం ఎందుకు లేదని ఏ కోడలు అడిగినా, దేశానికిచ్చేశాం అని ఆయన దగ్గర జవాబు సిద్ధంగా ఉంటుంది.

వీటిని కాగితం మీద పట్టుకుందామని ముందు నాయనమ్మ దగ్గర కూర్చున్నాను. మామగారి పేరు చెప్పమంటే చెప్పదు. మామగారి పేరూ మొగుడి పేరూ నోటితో పలకడం ఆవిడ దృష్టిలో మహాపరాధం. "సీతమ్మ మొగుడి పేరేరా" అంది. రాముడన్నమాట. కృష్ణా జిల్లాలో రామయ్యలూ రామస్వాములూ సుబ్బరామయ్యలూ సీతారామయ్యలూ ఎంతమందని! చివరికి పెళ్లి ఇత్తడి బిందె మీద చెక్కిన పేరు చూసి ఖాయం చేసుకున్నాను.

పేరు తర్వాత ఏడాది. నాయనమ్మకి క్రీస్తుశకంతో పరిచయం లేదు. ఆవిడ కాలమంతా ప్రభవ విభవల్లోనే నడుస్తుంది. మామగారి తండ్రి రక్తాక్షిలో పుట్టాడంది. రక్తాక్షి అంటే 1864 కావచ్చు, 1924 కావచ్చు, 1984 కూడా కావచ్చు. 1984 అయితే ఆయన నాకంటే చిన్నవాడు. ఆయన తాతలు నందన కరువుకి ఊరొదిలి వచ్చారట. అది 1832-33 నాటి గుంటూరు కరువు. కనక అరవై ఏళ్ల చక్రాన్ని వెనక్కి తిప్పి 1864 దగ్గర ఆపాను.

ఊళ్లో గ్రంథాలయాధికారి నన్ను చూడగానే "గ్రూప్ వన్నా, టూనా?" అన్నారు.

"కాదండీ, మా ముత్తాత."

"రచయిత ఎవరు?"

విషయం చెప్పాక ఆయన కళ్లలో ఒక వెలుగు కనిపించింది. లోపలి గదిలోకి వెళ్లి, దుమ్ము దులిపి, గార్డన్ మెకంజీ 1883లో తయారుచేసిన కృష్ణా జిల్లా మాన్యువల్ తెచ్చి నా ముందు పెట్టారు. అందులో ఉప్పెన ఉంది. 1864 నవంబరు 1 రాత్రి సముద్రం బందరు మీదకి వచ్చింది. దాదాపు 30,000 మంది పోయారు. గంగాళం ప్రస్తావన మాత్రం లేదు. నేను విన్నంతలో బందరు చుట్టుపక్కల ప్రతి ఇంట్లోనూ ఒక గంగాళం పూర్వీకుడున్నాడు. అన్ని గంగాళాలు ఒకేసారి తేలితే నీటికి చోటెక్కడిదని ఎన్నోసార్లు వెటకారం చేశాను. ఆ అంకె చదివాక మాత్రం నోరు రాలేదు. అంతమంది పోయిన రాత్రి మిగిలినవాడి ఇంట్లో, ఎలా మిగిలాడో చెప్పుకోవడానికి, ఏదో ఒక గంగాళం ఉండాల్సిందే.

తర్వాత కైఫీయతులు. ఈ మెకంజీ కాదు, అంతకుముందు కాలిన్ మెకంజీ అని ఇంకో దొర ఉన్నాడు. సర్వేలు చేస్తూ, కావలి సోదరుల్లాంటి తెలుగువాళ్లని పెట్టుకుని ఊరూరి చరిత్ర రాయించాడు. గుడి ఎవరు కట్టారు, మాన్యం ఎవరికిచ్చారు, కరణీకం ఎవరిది, అన్నీ చెబుతాయవి. మన పేరు ఉండి తీరుతుందని పెదనాన్న పందెం కట్టాడు. మాన్యాలు లేనివాళ్లని కైఫీయతులు పట్టించుకోవని ఆ పూటే తెలిసింది. పందెం డబ్బు ఇప్పటికీ రాలేదు.

ఇలాంటి వెతుకులాటలో ఒక చిత్రం ఉంది. ఇతరుల తాతలు ఇట్టే దొరుకుతారు. పాలమూరు మిత్రుడొకడు మా తాత పద్యాలు రాసేవాడట అని గొణిగితే, అఫ్జల్‌గంజ్ కేంద్ర గ్రంథాలయానికి వెళ్లి గోలకొండ కవుల సంచిక చూడమన్నాను. తెలంగాణలో కవులే లేరన్న మాటకి జవాబుగా సురవరం ప్రతాపరెడ్డిగారు 1934లో 354 మందితో అచ్చువేసిన సంచిక అది. వాడి తాత అందులో దర్జాగా కూర్చుని ఉన్నాడు. వాడు నాకు బిర్యానీ తినిపించాడు గానీ, నాకది సయించలేదు.

ఇక మిగిలింది పత్రికలే. పాత తెలుగు పత్రికలంటే వేటపాలెమే. 1918లో మొదలైన సారస్వత నికేతనం ఉన్నది అక్కడే. దాని భవనానికి గాంధీగారు శంకుస్థాపన చేసింది కూడా 1929లోనే. మా ముత్తమ్మ నగలకి ఇంతకంటే మంచి సాక్షి ఎక్కడ దొరుకుతుంది? బైండు చేసిన సంపుటాలు బల్ల మీదకి వచ్చాయి. కాగితం అప్పడంలా ఉంది, ఊపిరి పీల్చినా విరిగేట్టు. పేజీ తిప్పడానికే పుణ్యం చేసుకోవాలి.

పాత పత్రికతో వచ్చిన చిక్కు ఏమిటంటే, వెతికేది తప్ప అన్నీ చదవబుద్ధవుతుంది. వరుడు కావలెను, ఎద్దు తప్పిపోయినది, సీమ నుంచి దిగిన గడియారాలు. చందాల జాబితాల్లో ఊళ్ల పేర్లూ రూపాయలూ అణాలూ ఉన్నాయి. మా ముత్తమ్మ లేదు. ఒకచోట మాత్రం "ఒక సోదరి, రెండు గాజులు" అని ఉంది. ఫోన్లో పెదనాన్నకి చెప్పాను. "ఆవిడే!" అన్నాడు. ఇంకోచోట ఇంకో సోదరి ఉంగరం ఇచ్చింది. "అదీ ఆవిడే!"

అలా తిప్పుతూ తిప్పుతూ దీపావళి దగ్గరికి వచ్చేసరికి మా ముత్తాత కనిపించాడు. బిందె మీది పేరు, ఇంటిపేరుతో సహా, ఊరు, తాలూకా. సందేహానికి తావే లేదు. వార్తలో కాదు, ప్రకటనలో. ఒక ధాతుపుష్టి లేహ్యం తాలూకు ప్రకటన. యోగ్యతాపత్రం ఇచ్చిన మహనీయుల్లో మావాడు రెండోవాడు. మూడు డబ్బాలు వాడగానే దీర్ఘకాలపు నీరసం తొలగి గృహస్థాశ్రమం మిక్కిలి సుఖంగా ఉందని, మరో మూడు డబ్బాలు వెంటనే వి.పి.లో పంపవలసిందని రాశాడు. పక్కన మీసాలు మెలేసిన పహిల్వాను బొమ్మ.

ఫొటో తీసి ఇంటివాళ్ల వాట్సాప్ గ్రూపులో పెట్టాను. చాలాసేపు ఎవరూ కిక్కురుమనలేదు. తర్వాత పెదనాన్న, ఆ పేరుగలవాళ్లు జిల్లాలో సవాలక్షమంది ఉంటారని రాశాడు. ఊరిపేరు మీద వేలు పెట్టి ఇంకో ఫొటో పంపాను. మేనత్త గ్రూపులోంచి వెళ్లిపోయింది. మా చిన్నాన్న కొడుకు లెక్కల మాస్టారు. వాడికి లోకజ్ఞానం తక్కువ, లెక్క ఎక్కువ. తాతయ్య పుట్టింది ప్రమోదూత శ్రావణం, అంటే 1930 ఆగస్టు, ఈ పత్రిక 1929 దీపావళిది, సరిగ్గా తొమ్మిది నెలలు అని తేల్చాడు. మరి ఆయనకి వెంకటేశ్వర్లు అని కాకుండా కంపెనీవాడి పేరు పెట్టాల్సింది కదా అని కూడా అడిగాడు. పెదనాన్న వాణ్ణి తిట్టడానికి వేరే ఫోన్ చేశాడు.

ఇక నాయనమ్మకి ఎవరు చెప్పాలన్నది సమస్య. నేనే చెప్పాను. ప్రకటన మొత్తం బిగ్గరగా, మామగారి పేరు దగ్గర మాత్రం గొంతు తగ్గించి చదివాను. ఆవిడ కళ్లజోడు పెట్టుకుని పహిల్వాను బొమ్మని కాసేపు పరీక్షగా చూసింది.

"ఇందులో వింతేముందిరా? మోకాళ్ల మీద కొండెక్కాలంటే ఒంట్లో సత్తువ ఉండొద్దూ?" అంది.