పొగమంచుదే తప్పు

ఉత్తరాదిన చలికాలం రాగానే విమానయాన సంస్థలకు జీతం అడగని ఉద్యోగి ఒకరు దొరుకుతారు. ఎంత నింద మోపినా నోరెత్తరు. పేరు పొగమంచు.

పాపం, చెప్పాపెట్టకుండా ఊడిపడేది కూడా కాదది. విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ లెక్కలో దానికి తేదీలున్నాయి: డిసెంబరు 10 నుంచి ఫిబ్రవరి 10 దాకా. మన ఆర్టీసీకైనా అంత పద్ధతి లేదు. అయినా ఏటా క్రిస్మస్‌కు ఢిల్లీలో మంచు దిగడం, కంపెనీలు ఉలిక్కిపడడం మామూలే.

ఢిల్లీలో క్యాట్-3బి ఏర్పాటు ఉంది. రన్‌వే మీద 50 మీటర్లు కనిపిస్తే చాలు, ఆటోపైలటే దించేస్తుంది. కాకపోతే ముందు సీట్లలోని ఇద్దరికీ అందులో శిక్షణ ఉండాలి. 2023 డిసెంబరు ఆఖరి వారంలో అరవైకి దగ్గరగా విమానాలు ఢిల్లీలో దిగలేక దారి మళ్లాయి. ఆరా తీస్తే, ఆ అర్హత లేని పైలట్లకు డ్యూటీ వేశారని బయటపడింది. అంగట్లో అన్నీ ఉన్నాయి, అల్లుడి నోట్లో శని.

పైలట్లను అనకండి. రాని విద్య మన ప్రాణాల మీద ప్రయోగించకుండా వేరే ఊళ్లో దించినవారికి దండం పెట్టాలి. అడగాల్సింది రోస్టర్ రాసినవాళ్లను.

అడిగారు కూడా. 2024 జనవరిలో ఎయిరిండియాకు, స్పైస్‌జెట్‌కు చెరో 30 లక్షల జరిమానా పడింది. 180 సీట్ల విమానం, టిక్కెట్టు 8 వేలు అనుకోండి. రెండు ట్రిప్పులతో దాదాపు తీరిపోయే బాకీ. ఆ రోజుల్లోనే గోవా నుంచి ఢిల్లీ వెళ్లాల్సిన ఇండిగో విమానం ముంబయికి మళ్లింది. విసిగిపోయిన ప్రయాణికులు విమానం పక్కనే నేల మీద కూర్చుని భోంచేశారు. వీడియో దేశమంతా తిరిగింది. ఇండిగోకు 1.20 కోట్ల జరిమానా! మంచులో దించడం రానివారిని పంపడం కన్నా నేల మీద భోజనం నాలుగు రెట్లు ప్రమాదమన్నమాట. జరిమానా వేసిన శాఖలు వేరంటారు. కావచ్చు. ఒక తప్పు ఫోన్లలో కనిపించింది, ఇంకోటి కనిపించలేదు. ఎంతైనా విజిబిలిటీ సమస్యే కదా.

అసలు ముచ్చట రన్‌వేది. ఆ చలికాలం ఢిల్లీలో ఒక రన్‌వే మరమ్మతు మంచు ముదిరేలోపే ముగియాల్సింది. కాలుష్యం పెరిగిందని నిర్మాణ పనులు ఆపడంతో అదీ ఆలస్యమైంది. గాలి బాగోలేదని రన్‌వే పని ఆపారు. రన్‌వే చాలక విమానాలను ఆ గాలిలోనే చక్కర్లు కొట్టించారు.

పోనీ, ఎలాగో దిగారనుకుందాం. దిగడానికి 50 మీటర్లు కనిపిస్తే చాలు గానీ, మళ్లీ లేవడానికి 125 కావాలి. దిగినవి దిగినట్టే నిలబడిపోతాయి. అందుకే శంషాబాద్‌లో ఎండ ఫెళ్లున కాస్తున్నా విశాఖ విమానం కదలదు. రావాల్సిన విమానం ఢిల్లీలో ఇరుక్కుంది మరి. కౌంటర్లో అమ్మాయి "ఫాగ్ అండీ" అంటుంది. పెద్దాయన అద్దంలోంచి బయటికి చూసి, నల్ల కళ్లజోడు సర్దుకుని, "ఎక్కడమ్మా?" అంటాడు.