నన్ను కొలిచాకే తీర్పు చెప్పండి

నేను గోడ లోపలి పైపులో ఉండే నెట్‌వర్క్ కేబుల్‌ని. నన్ను క్యాట్ 5ఇ అంటారు. నాలుగు జతలుగా మెలిపెట్టిన ఎనిమిది రాగి తీగలే నా ఒళ్లు. సెకనుకు ఒక గిగాబిట్ మోయడానికి నన్ను వేశారు. నాలుగు జతల రాగి మీద ఆ వేగానికి ప్రమాణం 1999లో వచ్చింది. ఇప్పుడు రెండున్నర, అయిదు, పది గిగాబిట్ల స్విచ్‌లు వచ్చేసరికి పాత వైరింగ్ పీకెయ్యాల్సిందే అంటున్నారు. కొలవకుండా పీకడం ఎంత తొందరపాటో, కొలవకుండా నమ్మడమూ అంతే తొందరపాటు.

నా తరగతికి పెట్టిన హద్దు 100 మెగాహెర్ట్జ్. 2016లో 802.3బీజెడ్ ప్రమాణం వచ్చిందే అప్పటికి గోడల్లో ఉన్న నాలాంటి కేబుళ్లను వాడుకోవడానికి. పది గిగాబిట్ల పద్ధతినే తీసుకుని, సంకేతాల జోరును పావుకు దించితే రెండున్నర గిగాబిట్లయింది, సగానికి దించితే అయిదయింది. రెండున్నరకు 100 మెగాహెర్ట్జ్ చాలు. సరిగ్గా వేసి ఉంటే 100 మీటర్ల దాకా మోస్తాను. అయిదుకు 200 దాకా కావాలి. అంత పైన నాకెవరూ హామీ ఇవ్వలేదు; అక్కడ పనికొస్తానో లేదో నా పొడవు, నా చివరలు, నా పక్కవాళ్లు తేల్చాలి. పది గిగాబిట్లకైతే క్యాట్ 6 కూడా 55 మీటర్ల దగ్గరే ఆగుతుంది, నిండా 100 మీటర్లకు 6ఏ కావాలి. ఆ బరువు నా మీద పెట్టమని నేనడగను.

పోర్టు దగ్గర లైటు వెలిగింది కదా, ఇంకా పరీక్షెందుకు అంటారా? ఏ వేగం తమకు చేతనవునో రెండు పరికరాలు ఒకదానికొకటి చెప్పుకుని కుదుర్చుకున్నాయనే ఆ లైటుకు అర్థం. వరసగా లైట్లు వెలిగించే చవక టెస్టర్ కూడా తీగ తెగలేదని, వరస తప్పలేదని మాత్రమే చెబుతుంది. రెండు చివరల్లోనూ ఒకేలా, ఒక జతలోని తీగను ఇంకో జత తీగతో జతకట్టేసినా అది పాసంటుంది. నా మెలిక మాత్రం వృథా అవుతుంది. పైగా, నా జతల మధ్య పుట్టే రొదను పరికరంలోని చిప్ చాలావరకు తుడిచేయగలదు, తాను ఏం పంపిందో తనకు తెలుసు కాబట్టి. నాతో బిగించి కట్టిన పక్క కేబుల్ రొద దానికి తెలియదు. అందుకే నన్నొక్కదాన్నే పరీక్షిస్తే చాలదు. కట్టలోని కేబుళ్లన్నిటి మీదా ఒకేసారి, రెండు వైపులా, గంటల తరబడి డేటా నడిపి, స్విచ్‌లో సీఆర్‌సీ లోపాల లెక్క, అంటే దారిలో చెడిపోయిన డేటా లెక్క, పెరుగుతోందేమో చూడాలి.

కొత్త కేబులే చవక కదా అనేవారున్నారు. కేబుల్ చవకే, గోడ పగలగొట్టడం చవక కాదు. గోడ ఎలాగూ తెరిచే ఉంటే 6ఏ వేసుకోండి. రాగి అనుకున్న తీగలు రాగిపూత పూసిన అల్యూమినియమని తేలితే పరీక్ష కూడా దండగ, మార్చేయండి. రాగే అయితే మాత్రం లోపం కనబడగానే గోడ మీద పడకండి: చివరల్లో 13 మిల్లీమీటర్లకు మించి మెలిక విప్పకుండా జాక్‌లు మళ్లీ బిగించి, కట్టలు వదులు చేసి, ఇంకోసారి కొలవండి. అప్పటికీ తప్పితే, నన్ను పీకడానికి మీ దగ్గర కారణం ఉంటుంది.