నూలు ఖర్చు

మా దొడ్డమ్మ నలభై ఏళ్ళకు పైగా లేసు అల్లింది. ఆ ఇంట్లో మాత్రం లేసు ముక్క ఒక్కటి కనపడేది కాదు. కిటికీకి పాత చీర తెర, టీవీ మీద తువ్వాలు. ఎందుకంటే నూలు ఏజెంటుది. తూచి ఇచ్చేవాడు, అల్లాక మళ్ళీ తూచి పట్టుకుపోయేవాడు. కాస్త తగ్గిందంటే కూలిలో కోత. పరాయి సొత్తులోంచి మిగుల్చుకుని తన పిల్లాడికి టోపీ అల్లుకోవడానికి ఆవిడకి మనసొప్పేది కాదు.

మాది నరసాపురం పక్క పల్లె. ఇక్కడి లేసు పని 1844 నాటిది. స్కాట్లండు నుంచి వచ్చిన మెక్రే దంపతులు ఇక్కడి ఆడవాళ్ళకు నేర్పారు. గడప దాటి పనికి వెళ్ళడానికి వీల్లేని ఘోషా కుటుంబాల్లో అది బాగా నిలదొక్కుకుంది. పొలానికి వెళ్తే పరువు తక్కువ, ఇంట్లో కూర్చుని లేసు అల్లితే కాదు. అలా అల్లిన సరుకు సముద్రాలు దాటి దేశదేశాలకు వెళ్ళింది. పనిని ముక్కలుగా పంచేశారు. విడివిడిగా పువ్వులు అల్లేది చేతిపని, వాటిని ఒకటిగా కలిపేది అతుకుపని. దొడ్డమ్మది చేతిపని. తను అల్లిన పువ్వులు ఎవరి చేతిలో అతుకుపడ్డాయో, ఏ దేశంలో ఎవరి భోజనాల బల్ల మీద పరుచుకున్నాయో ఆవిడ ఎన్నడూ చూడలేదు.

ఆ పని తీరు దగ్గర కూర్చుని చూస్తే గానీ తెలియదు. కుడిచేతిలో కొక్కెం ఉన్న సన్నటి ఉక్కు సూది. దారం ఎడమచేతి చూపుడువేలి మీదుగా జారుతుంది. ఏళ్ళ తరబడి జారి జారి దొడ్డమ్మ వేలి మీద గాడి పడిపోయింది. వంట అయ్యాక చేతులకున్న పసుపు పోయేదాకా రుద్ది కడుక్కుని, ఒళ్ళో తెల్లగుడ్డ పరుచుకుంటేనే సూది పట్టేది. పసుపు మరక పడ్డ పువ్వుకి కూలి లేదు మరి. కరెంటు లేని రాత్రుళ్ళు లాంతరు దగ్గర అల్లేది. తెల్లదారం కాబట్టి ఆ మాత్రమైనా కనపడుతోందనేది.

కండె లెక్కన కూలి. ఆర్డర్లు రాలేదనీ, పైనుంచి డబ్బు అందలేదనీ, ఇంకెక్కడో మిషను లేసు చవగ్గా దొరుకుతోందనీ ఏజెంటు నెలల తరబడి బాకీ పెట్టేవాడు. మా తమ్ముడు, అంటే దొడ్డమ్మ కొడుకు, పదేళ్ళ వయసులో వీధి తలుపు చాటున నిలబడి ఏజెంటు సైకిలు వైపు చూస్తూ పళ్ళు కొరికేవాడు. “పెద్దయ్యాక వీడి సంగతి చూస్తానే అమ్మా” అనేవాడు. ఆ ఏజెంటు మీద నాకు ఇప్పటికీ కోపమే.

ఇది మా ఒక్క ఊరి బాధ కాదు. మరియా మీస్ అనే జర్మన్ సామాజిక శాస్త్రవేత్త నరసాపురం ప్రాంతంలో లేసు అల్లేవాళ్ళ మధ్య తిరిగి, 1982లో వాళ్ళ మీద ఒక పుస్తకం వేశారు. రోజంతా అల్లినా రూపాయి కూడా గిట్టని రోజులవని అందులో లెక్కకట్టి చూపించారు. ఆ లెక్క కన్నా నన్ను ఎక్కువ గుచ్చింది ఆవిడ చెప్పిన కారణం. వీళ్ళని పనివాళ్ళుగా ఎవరూ చూడరు, ఇంటిపట్టున ఉండే ఇల్లాళ్ళుగానే చూస్తారు. అల్లేది తీరిక వేళ కాలక్షేపానికేనంటారు. కాలక్షేపానికి కూలి పెంచమని అడగడానికి నోరెలా పెగులుతుంది?

ఆ కాలక్షేపం డబ్బులే పోపులపెట్టెలో జీలకర్ర గిన్నె కింద దాక్కునేవి. తమ్ముడి బస్ పాసు, పరీక్ష ఫీజులు, కాకినాడలో హాస్టలు అడ్వాన్సు అందులోంచే వెళ్ళాయి. పెదనాన్న కౌలు పంట మునిగిపోయిన ఏడాది ఇల్లు నడిపింది కూడా ఆ సూదే.

2024లో నరసాపురం లేసుకి భౌగోళిక గుర్తింపు వచ్చింది. అదే ఏడాది డాలస్‌లో ఉన్న తమ్ముడికి ఆడపిల్ల పుట్టింది. అప్పటికి దొడ్డమ్మ రెండు కళ్ళకీ శుక్లాల ఆపరేషను అయింది, ఏజెంటు పని మానేసింది. మనవరాలి ఫొటో చూసిన మర్నాడే నన్ను వెంటబెట్టుకుని నూలు కొనడానికి బజారుకి బయల్దేరింది. తన డబ్బుతో తనకోసం నూలు కొనడం ఆవిడకి అదే మొదలు. కొట్లో ఒక్కో కండె తీసి చెంపకి ఆనించి చూసింది. పసిదాని ఒంటికి గరుకు తగలకూడదట. కొట్టువాడు విసుక్కున్నా వినలేదు. ఆఖరికి పాలమీగడ రంగు నూలు తీసుకుంది.

ఆ గౌను అల్లుతుండగా నేను చాలాసార్లు పక్కన కూర్చున్నాను. గుండీలు వద్దంది. పిల్ల పీకి నోట్లో పెట్టుకుంటుందని, వెనకవైపు అల్లిన తాడుతోనే ముడి పెట్టింది. కన్నాలు బాగా చిన్నవిగా పెట్టింది, లేకపోతే చిట్టి వేళ్ళు ఇరుక్కుంటాయని. నూలు అల్లిక ఊలులా సాగదు కాబట్టి ఛాతీ కొలతకి రెండు వేళ్ళ వదులు కలిపింది. ఒక్క కన్ను లెక్క తప్పిందంటే చుట్టు మొత్తం విప్పేసేది. “ఎవరూ కనిపెట్టరులే దొడ్డమ్మా” అన్నాను ఒకసారి. “ఏజెంటు పనైతే సర్దేసేదాన్నే” అంది, విప్పిన దారాన్ని మళ్ళీ వేలికి చుట్టుకుంటూ.

అంచుకి పువ్వులు అల్లింది. వాటిని అతకడానికి ఇంకెవరికీ ఇవ్వలేదు, తనే కూర్చుని అతికింది. పువ్వులన్నీ కలిసి నిండు గౌనైన రోజు దాన్ని గోడ మేకుకి తగిలించి, ఎదురుగా పీట వేసుకుని అన్నం తింది. జీవితమంతా పువ్వులు అల్లిన మనిషి, అవన్నీ ఒక్కచోట చేరి ఏమవుతాయో చూడటం అదే మొదటిసారి. ఆ పూట ఆవిడ ముఖం చూసినదాన్ని కనక చెబుతున్నాను, ఏ గుర్తింపు పత్రమూ ఆ సంతోషాన్ని ఇవ్వలేదు.

గౌను ఉతికి, ఆరేసి, మెత్తటి గుడ్డలో చుట్టి కొరియరుకి ఇచ్చాం. కొరియరు డబ్బులు నేనిస్తానంటే ఒప్పుకోలేదు.

పాప పుట్టినరోజైన మరుసటి వారం, ఆదివారం పొద్దున్నే తమ్ముడు ఫోను చేశాడు. దొడ్డమ్మకి కనపడేలా నేను ఫోను పట్టుకున్నాను. తెరమీద ముందు గౌను వేసుకున్న పాప, తర్వాత మరదలు, ఆ తర్వాత తమ్ముడు. ముగ్గురి ముఖాలూ వెలిగిపోతున్నాయి.

“అమ్మా, పార్టీలో అందరూ నీ గౌను గురించే. చేత్తో అల్లిందంటే నమ్మలేదు. ఇక్కడ షాపులో ఇలాంటిది వంద డాలర్లకి పైనేనట!”

దొడ్డమ్మ నవ్వింది. పాప మెడ దగ్గర బిగుతుగా లేదు కదా అని అడిగింది.

“సరిగ్గా సరిపోయింది అత్తయ్యా” అంది మరదలు. “మా ఫ్రెండ్స్ ఆరుగురు వాళ్ళ పిల్లలకి కూడా కావాలన్నారు. మీరు అల్లి పంపిస్తారని మాటిచ్చేశాను. క్రిస్మస్‌లోపు అయిపోతాయి కదా?”

తమ్ముడు అందుకున్నాడు. వాడి గొంతులో ప్రేమే ఉంది, కాదనను.

“డబ్బు గురించి నువ్వేం ఆలోచించకమ్మా. నూలు ఖర్చు ఎంతయితే అంత నేను పంపించేస్తాను. ఎలాగూ ఇంట్లో ఖాళీయేగా, నీకూ కాలక్షేపంగా ఉంటుంది.”

దొడ్డమ్మ నా చేతిలోంచి ఫోను తీసుకుంది. గొంతు పెంచలేదు.

“పాపకి వచ్చే ఏటికి ఇంకో గౌను మొదలుపెట్టాను నాన్నా, కాస్త పెద్ద కొలత. దానికి నువ్వేమీ పంపక్కర్లేదు, నా మనవరాలు. మిగతా ఆరింటి సంగతీ విను. ఆ ఏజెంటు మనల్ని ఎంత ముంచాడో నీకు తెలుసు. పెద్దయ్యాక వాడి సంగతి చూస్తానన్నవాడివి నువ్వే. వాడు కూడా నూలు తనే ఇచ్చి, పైన కూలి ఇచ్చేవాడురా.”