నిలబడే భాగ్యం

నిలబడటం కూడా డబ్బున్నవాళ్ల వ్యవహారమైపోయింది. శంషాబాద్ ఎయిర్‌పోర్టు చుట్టుపక్కల లేచిన అద్దాల ఆఫీసుల్లో ఇప్పుడు సిట్-స్టాండ్ డెస్కుల మోజు. బటన్ నొక్కగానే బల్ల కాళ్లలోని మోటార్లు సన్నగా మూలుగుతాయి. రాజుగారు లేస్తే సభంతా లేచినట్టు మానిటరు, కీబోర్డు, నిన్నటి టీ కప్పు అన్నీ కలిసి పైకి లేస్తాయి. ఛార్జరు వైరు పొట్టిదైతే ల్యాప్‌టాప్ ఒక్కటే సభామర్యాద మరిచి కిందికి దూకుతుంది.

బల్ల బిగించడానికొచ్చిన కుర్రాడు ముందు సారువారి మోచేతులు చూస్తాడు. తొంభై డిగ్రీలుండాలట. మణికట్టు వంగకూడదు, స్క్రీను పై అంచు కంటి మట్టానికి రావాలి. పాదాలు నొప్పెట్టకుండా కింద మెత్తటి మ్యాటు. అసలు ముక్క ఆఖర్న చెబుతాడు: "అదే పనిగా నిలబడొద్దు సార్. నడుం పట్టేస్తది, కాళ్లల్ల నరాలు ఉబ్బుతయి. అరగంటకోపాలి మార్చుకోండ్రి."

తలుపు దగ్గరి సెక్యూరిటీ అన్నకూ ఈ ఉపదేశం వినబడింది. పొద్దున ఎనిమిదికి డ్యూటీ ఎక్కితే రాత్రి ఎనిమిదికి దిగే మనిషి.

"తమ్మీ, ఆ మ్యాటు నాకొకటి ఇస్తరా?"

"అది డెస్కుతోనే వస్తదన్నా, విడిగా రాదు."

అన్నకు ఒకప్పుడు ప్లాస్టిక్ కుర్చీ ఉండేది. క్లయింట్లు వస్తున్నారు, చూడ్డానికి బాగోలేదని దాన్ని స్టోర్ రూముకు పంపారు. అక్కడది హాయిగా కూర్చునుంది. 2008లో తెరిచిన ఎయిర్‌పోర్టులో విమానాలు దిగడానికి ఇక్కడ దాదాపు 5,500 ఎకరాలు దొరికాయి గానీ, తలుపు పక్కన ఒక్క కుర్చీకి జాగా దొరకలేదు.

చట్టం లేదా అంటే, లేకేం! నిలబడి పనిచేసేవాళ్లకు కూర్చునే ఏర్పాటు ఉండాలని 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం 44వ సెక్షన్‌లోనే చెప్పారు. ఈ ఆఫీసు ఫ్యాక్టరీ కాదు కాబట్టి ఆ సెక్షన్‌కు విజిటర్ పాసు రాలేదు. కోళికోడ్ బట్టల కొట్లలో పనిచేసే ఆడవాళ్లు రోడ్డెక్కి అడగ్గా అడగ్గా, కేరళ 2018లో దుకాణాల చట్టం సవరించి కూర్చోనిమ్మంది. 2021లో తమిళనాడూ ఆ దారే పట్టింది. మన చీరల షోరూముల్లో గుట్టలకొద్దీ చీరలు విప్పి చూపించే అమ్మాయిలను గమనించండి. వాళ్లది వట్టి స్టాండ్ డెస్కు, సిట్ బటన్ ఉండదు.

ఇంతలో హెచ్‌ఆర్ వాళ్లకు ఆరోగ్యస్పృహ పొంగి, నిలబడే పోటీ పెట్టారు. రోజుకు రెండు గంటలు నిలబడ్డ ఒక మేనేజరుకు చప్పట్లు, ఫోటోలు. రోజుకు 12 గంటలు నిలబడే అన్న పేరు లిస్టులో లేదు, ఆయన ఏజెన్సీ మనిషి, కంపెనీ రోల్స్‌లో లేడు. మొదటి బహుమతి నడుముకు, మెడకు, మోచేతులకు వేర్వేరు ఆసరాలున్న ఖరీదైన కుర్చీ.

దాన్ని మేనేజరుగారి కారు దాకా మోసి, డిక్కీలో సర్దిపెట్టింది మాత్రం సెక్యూరిటీ అన్నే.