మనుషుల్ని దింపి మునిగిన ఓడను

నా పేరు జేనస్. విశాఖపట్నం రేవు ముఖద్వారంలో, డాల్ఫిన్స్ నోస్ కొండ పక్కన నీటి అడుగున కూర్చున్న పాత సరుకు ఓడను. నన్ను తుఫాను ముంచలేదు, శత్రువుల బాంబూ ముంచలేదు. రేవు కట్టినవాళ్లే కావాలని ముంచారు.

బొగ్గుతో నడిచినదాన్ని నేను. నా బాయిలర్ల ముందు పారలు పట్టినవాళ్ల ఒళ్లంతా చెమట, మసి.

మధ్య పరగణాల మాంగనీసు ఖనిజం రైల్లో వచ్చి ఓడెక్కడానికి తూర్పు తీరంలో రేవు కావాల్సి వచ్చింది. 1925లో ప్రభుత్వం ఒప్పుకుంది. కొండ వెనక ఉప్పుటేరు చిత్తడి నేలను తవ్వారు. చిక్కల్లా ముఖద్వారం దగ్గరే. నైరుతి గాలుల కాలంలో అలలు దక్షిణం నుంచి కొడతాయి. వాటి వెంట ఇసుక ఉత్తరానికి కొట్టుకొచ్చి కాలువను పూడ్చేస్తుంది. దానికి అడ్డుకట్టగా నన్నూ, వెలెడ్‌సన్ అనే మరో ఓడనూ ఎంచుకున్నారు.

సరుకు ఉండాల్సిన నా కడుపులో బండరాళ్లు నింపారు. నీళ్లు వదిలారు. రాళ్ల సందుల్లోంచి బుడగలు లేచాయి, వాటి వెనకే ఉప్పునీరు పైకి పాకింది. అడుగు ఇసుకకు ఆనగానే నా ఊగిసలాట ఆగిపోయింది. మా వెనక అలల జోరు తగ్గింది. మా చాటున చేరిన ఇసుకను డ్రెడ్జరు తోడి ఉత్తరపు తీరానికి పంపేది.

1933 అక్టోబర్ 7న 'జలదుర్గ' ఓడ ఈ దారినే లోపలికి వెళ్లింది. డిసెంబర్ 19న వైస్రాయ్ విల్లింగ్డన్ రేవును ప్రారంభించారు. 1942 ఏప్రిల్ 6న జపాన్ విమానాలు బాంబులు కురిపిస్తే జనం ఊరు వదిలి పరుగులు తీశారు. అయినా రేవు బతికింది. 1948 మార్చి 14న ఇక్కడే కట్టిన 'జల ఉష' ఓడను నెహ్రూ నీళ్లలోకి పంపారు.

1971 డిసెంబర్ యుద్ధంలో పాకిస్తాన్ జలాంతర్గామి 'ఘాజీ' ఈ రేవు వెలుపలే మునిగింది. అందులోని వాళ్లలో ఒక్కరూ బయటపడలేదు. శత్రువులే కావచ్చు, వాళ్ల కోసం ఎదురుచూసిన తల్లులూ ఉంటారు. నేను మునిగిన నాడు నాలో ఉన్నవి రాళ్లే.

ఓడకు మునగడం ఓటమి కాదు. మనుషుల్ని వెంట తీసుకుపోవడమే ఓటమి. ఏ ఓడనైనా ముంచక తప్పకపోతే నన్ను ముంచినట్టే ముంచండి: ముందు మనుషుల్ని ఒడ్డుకు చేర్చి, తర్వాత వచ్చే ఓడలకు దారి కాచేలా.